కాఫీ, బిస్కెట్, మధ్యలో వరహాలక్ష్మి

ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్‌కు వెళ్లేముందు ధనశ్రీ తన పెట్టె తనే సర్దుకుంది. రెండు గినీపిగ్‌లను ఎవరికి అప్పగించాలన్నది మాత్రం తేలలేదు. నాన్న దేవీప్రసాద్‌కు బెల్లం వ్యాపారంతోనే తెల్లవారుతుంది. అమ్మ బిందుమాధవి హైస్కూల్లో లెక్కల టీచరు, పొద్దున్న వెళ్తే సాయంత్రానికే ఇల్లు చేరేది. చివరికి నాయనమ్మ దగ్గరికి వెళ్లింది ధనశ్రీ.

"మామ్మా, వీటిని నువ్వే చూడాలి."

వరహాలక్ష్మి బియ్యం ఏరుతోంది. "ఈ వయసులో ఎలకలకి చాకిరీ చెయ్యమంటావేటే?" అంది తలెత్తకుండా.

"ఎలకలు కావు మామ్మా. తోకేదీ, చూడు."

తోక లేని మాట నిజమే. కుందేలు పిల్లంత ఉంటాయి, గుండ్రంగా, కాళ్లు కనిపించీ కనిపించకుండా. లేత గోధుమ రంగుది బిస్కెట్, ముదురు రంగుది కాఫీ. రెండూ ఆడవే. ధనశ్రీ ఎనిమిదో తరగతిలో ఉండగా పుట్టినరోజుకు పట్టుబట్టి కొనిపించుకుంది. అప్పటినుంచీ అవి ఒకే గూట్లో పెరిగాయి. ఒకే గడ్డిపోచను చెరో కొసనుంచీ కొరుక్కుంటూ వచ్చి ముక్కులు తగిలేదాకా ఆగేవి కావు.

వరహాలక్ష్మి సరే అనలేదు, కాదనీ అనలేదు. కానీ మనవరాలు వెళ్లిన మర్నాడే మునగపాక నుంచి బెల్లం తెచ్చే రైతును ఆపి, మందు కొట్టని గట్టున మొలిచిన గరిక తెచ్చిపెట్టమంది. ఫ్రిజ్ తలుపు చప్పుడైతే అవి కొత్తిమీర కోసం ఈలలు వేస్తాయనీ, జామకాయ ముక్క చూస్తే గెంతులు వేస్తాయనీ తొందర్లోనే తెలుసుకుంది. కోడలు వంటింట్లోంచి "అత్తయ్యా, కాఫీ?" అని అడిగితే గూట్లోంచి కాఫీ పలికేది. ఆవిడ నవ్వాపుకోలేకపోయేది.

కార్తీక మాసంలో ఒక పొద్దున్న ఆవిడ దీపం పెట్టి వచ్చేసరికి గూట్లోంచి ఎప్పుడూ వినని శబ్దం వస్తోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు. వంగి చూసింది. కాఫీ ఒళ్లంతా బొచ్చు నిక్కబొడుచుకుని, గుర్రుమంటూ, నడుం అటూ ఇటూ ఊపుతూ బిస్కెట్ చుట్టూ తిరుగుతోంది. బిస్కెట్ మూలకు నక్కింది. ఏమవుతోందో అర్థమయ్యేలోపే కాఫీ దాని మీద పడింది. రెండూ ఒక్క ముద్దై దొర్లాయి. గడ్డి ఎగిరిపడింది.

"ఓలమ్మ ఓలమ్మ! ఏటే, ఏటే ఇది!" అంటూ ఆవిడ చెయ్యి పెట్టేసింది.

కాఫీ పళ్లు చూపుడువేల్లో దిగాయి. ఆవిడ కేకకు బిందుమాధవి పరుగెత్తుకొచ్చింది. అక్కడే గోడకు ఆనించి ఉన్న చేట తీసి రెండింటి మధ్యా అడ్డంగా దించింది. కాఫీ చేటకు అవతల రొప్పుతూ నిలబడింది. బిస్కెట్ చెవి చివర తెగి రక్తం కారుతోంది.

వేలికి కట్టు కట్టించుకుని, టీటీ ఇంజెక్షన్ చేయించుకుని వచ్చాక వరహాలక్ష్మి గూడు ముందే కూర్చుంది. వేలి నొప్పి కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. ఇన్నేళ్లు ఒకదాని పొట్ట మీద ఒకటి తలపెట్టుకు పడుకున్నవి.

దేవీప్రసాద్ మధ్యాహ్నం భోజనానికి వచ్చి సంగతి విన్నాడు. బెల్లం సీజన్ మొదలై అతనికి కూర్చునే తీరిక లేదు.

"నీకెందుకమ్మా ఈ తలనొప్పి? ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం. పాయకరావుపేటలో మన కన్నబాబు లేడేటి, వాడి పిల్లలు కావాలంటన్నారు."

"పాప వచ్చి అడిగితే ఏటి చెప్పను?"

"నేను చెప్తాను."

 ఆవిడ గోదాంలో పాత ఇనప జాలి చట్రం ఉంటే తెప్పించి గూడు మధ్యలో నిలబెట్టి తాళ్లతో కట్టింది. అటు కాఫీ, ఇటు బిస్కెట్. ఒకదానికొకటి కనిపిస్తాయి, వాసన తెలుస్తుంది, పళ్లు మాత్రం తగలవు.

బిందుమాధవి ఫోన్లో ఏవో వీడియోలు వెతికింది. ఒకదాంట్లో ఒకాయన, రెండింటికీ కలిపి స్నానం చేయిస్తే ఒకే వాసన వచ్చి కలిసిపోతాయన్నాడు. అత్తాకోడళ్లు గోరువెచ్చని నీళ్లు తెచ్చి రెండింటినీ ఒకే టబ్బులో తడిపారు. బిస్కెట్ ఒక పక్కకు నక్కి వణుకుతూ నిలబడింది. కాఫీ ఒళ్లు దులుపుకుని, తడిసిన ఒంటితోనే మళ్లీ దాని మీదికి దూకింది. ఈసారి చేట సిద్ధంగా ఉండబట్టి సరిపోయింది.

"చలికి వణుకుతన్న జీవాల్ని ఇంకా భయపెట్టేం," అంది వరహాలక్ష్మి వాటిని తుడుస్తూ. "ఇంకెప్పుడూ ఫోన్లో చూసి చెయ్యకే బిందూ. నేనూ చెయ్యను."

అలా తుడుస్తున్నప్పుడే చేతికి తగిలింది. కాఫీ రెండు పక్కలా, నడుం దగ్గర, బొచ్చు పల్చబడి ఉంది. బిస్కెట్‌ను తడిమి చూసింది. దానికి ఎక్కడా అలా లేదు. మళ్లీ కాఫీ పొట్ట కింద చెయ్యి వేస్తే అది చిన్నగా మూలిగి బిగుసుకుపోయింది.

"దీనికేదో బాగోలేదే," అంది ఆవిడ.

ఊళ్లో పశువుల ఆసుపత్రి డాక్టరు కాఫీని నెమ్మదిగా పరీక్ష చేశాడు. "అమ్మగారూ, మీ అనుమానం నిజమే అనిపిస్తోంది. కానీ స్కాన్ తీస్తే గానీ చెప్పలేం. ఇలాంటి చిన్న ప్రాణుల్ని విశాఖలో రాజశ్రీ గారని ఒక డాక్టరు చూస్తారు. అక్కడికి తీసుకెళ్లండి," అని ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆవిడ అక్కడి నుంచే ఫోన్ చేయించి, సోమవారానికి రమ్మన్న మాట తీసుకుంది.

ఆ మధ్యలో ఆదివారం వచ్చింది. ఆదివారంతో పాటు కన్నబాబు కూడా వచ్చాడు, అట్టపెట్టెకు కన్నాలు చేయించుకుని మరీ. దేవీప్రసాద్ అతనికి మాటిచ్చేసిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"కూర్చో బాబూ, టీ తాగు," అంది వరహాలక్ష్మి. టీ ఇచ్చింది. అతను టీ తాగి గూడు వైపు చూశాడు. "ఏది పిన్నీ, నల్లదేనా ఇచ్చీది?"

"ఏదీ ఇవ్వను."

కన్నబాబు స్నేహితుడి వైపు చూశాడు. దేవీప్రసాద్ ముఖం ఎర్రబడింది. "అమ్మా, అంత దూరంనుంచి వచ్చేడు. నేను మాటిచ్చేను."

"నువ్విచ్చిన మాట నీదిరా ప్రసాదూ. ఇది నాకు పాప అప్పగించింది. ఒంట్లో బాగోక కరుత్తంది. అలాంటిదాన్ని పిల్లలున్న ఇంటికి అంటగడతానేటి? రేపు వీళ్ల పిల్లల్నీ కరుత్తాది. అప్పుడు నిన్నేటంటారు?" కన్నబాబు వైపు తిరిగింది. "ఏటీ అనుకోకు బాబూ. నీ పిల్లలకి కావాలంటే ఆరోగ్యంగా ఉన్నవి నేనే దగ్గరుండి కొనిపిత్తాను. రెండు కొనాలి, ఒకటి కాదు. ఒక్కటైతే దిగులు పెట్టుకుంటాది."

కన్నబాబు అట్టపెట్టెను మడిచి నవ్వాడు. "పిన్ని చెప్పింది సబబుగానే ఉందిరా," అన్నాడు.  భోజనాల దగ్గర దేవీప్రసాద్ తల్లికి రెండోసారి అన్నం వడ్డించమని భార్యకు చెప్పాడు.

ఆ రోజే హాస్టల్ నుంచి ధనశ్రీ ఫోన్ చేసే రోజు. చదువుకునే పిల్లకు ఇవన్నీ ఎందుకని బిందుమాధవి అంది. వరహాలక్ష్మి ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, తన వేలి సంగతితో సహా.

అవతల కాసేపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "మామ్మా, కాఫీ చచ్చిపోద్దా?"

"తెలీదమ్మా. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తన్నాను."

"నువ్వా? ఎవరితో?"

"నేనే. మీ అమ్మకి స్కూలు, మీ నాన్నకి సీజను. నాకేటి, కాళ్లు లేవా?"

నిజానికి ఆవిడ విశాఖకు ఒక్కతే వెళ్లిన రోజు లేదు. పెళ్లికి వెళ్లినా, కళ్ల ఆపరేషన్‌కు వెళ్లినా పక్కన భర్తో కొడుకో ఉండేవారే. సోమవారం పొద్దున్న దేవీప్రసాద్ కారు తీయబోయాడు. అప్పటికే మార్కెట్ నుంచి మూడుసార్లు ఫోన్ వచ్చింది. "వెళ్లరా, వేలంపాట నీకోసం ఆగదు," అని అతన్ని పంపేసి, మూతబుట్టలో గడ్డి పరిచి కాఫీని కూర్చోబెట్టి బస్సెక్కింది.

ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు కొట్టిచ్చాడు. అంతలో బుట్టలోంచి కీచుమని వినిపించింది.

"ఏటమ్మా అది? కోడా?"

"కాఫీ."

"కాఫీ అరుత్తాదేటి?"

ఆవిడ మూత కొంచెం తీసి చూపించింది. కండక్టరు వంగాడు. ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగారు. "ఆడోళ్లకి బస్సు ఫ్రీ. మరి దీనికేటి సెయ్యాల?" అన్నాడు అతను.

"ఇదీ ఆడదే నాయనా," అంది వరహాలక్ష్మి.

బస్సంతా నవ్వింది. కూర్మన్నపాలెం దాటేదాకా ఒకరి తర్వాత ఒకరు వచ్చి చూసి వెళ్లారు. ఎవరు వేలు పెట్టబోయినా ఆవిడ తన కట్టు చూపించింది.

డాక్టరు రాజశ్రీ ముప్పై అయిదేళ్ల మనిషి. కాఫీని తువ్వాలు మీద పెట్టుకుని ఎప్పట్నించి కొరుకుతోంది, తిండి ఎలా ఉంది, గూడు మార్చారా, కొత్త జంతువేదైనా వచ్చిందా అని వరసగా అడిగింది. వరహాలక్ష్మి తెలిసినవి చెప్పింది. తెలియనివి తెలియదంది. స్నానం సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గింది.

"చాలామంది చేస్తారమ్మా. ఇక చేయకండి. వీటికి తడిస్తే భయం," అంది డాక్టరు. స్కాన్ తీసి తెర మీద నల్లటి గుండ్రాలు చూపించింది. "ఇవి నీటి తిత్తులు. రెండు అండాశయాల మీదా ఉన్నాయి. వీటివల్ల ఒంట్లో హార్మోన్లు ఎక్కువవుతాయి, బొచ్చు రాలుతుంది, నొప్పి ఉంటుంది. దాంతో పక్కదాని మీద పడుతుంది. మీ కాఫీ చెడ్డది కాదు."

"చెడ్డదని నేనెప్పుడూ అనుకోలేదమ్మా."

"ఆపరేషన్ చేసి తీసేస్తే మంచిది. కానీ చిన్న ప్రాణి. మత్తు తట్టుకోవాలి. తట్టుకుంటుందని హామీ ఇవ్వలేను."

"చెయ్యకపోతే?"

"పెరుగుతాయి. నొప్పీ పెరుగుతుంది."

వరహాలక్ష్మి కాఫీ వైపు చూసింది. తువ్వాలు మడతలో ముక్కు దూర్చి కూర్చుంది అది. ఇంటికి ఫోన్ చేసి అడుగుదామా అనిపించింది. పెళ్లయిన నాటినుంచీ ఏ పనికైనా ఇంట్లో ఎవర్నో ఒకర్ని అడగడమే ఆవిడకు అలవాటు. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. మళ్లీ సంచిలో పెట్టేసింది.

"చెయ్యండమ్మా," అంది. "తర్వాత నేనేటేటి చెయ్యాలో చెప్పండి. ఒకటికి రెండుసార్లు చెప్పండి. మరిచిపోతానేమోనని భయం."

ఆపరేషన్ రోజున దేవీప్రసాద్ మార్కెట్‌కు వెళ్లలేదు. తనే కారు నడిపాడు.  ఆసుపత్రి వరండాలో తల్లి పక్కన కూర్చుని, "భయంగా ఉందామ్మా?" అని అడిగాడు. "ఉంది," అందావిడ. డాక్టరు తలుపు తీసి బొటనవేలు పైకెత్తి చూపించాక గానీ ఇద్దరూ ఊపిరి పీల్చుకోలేదు.

ఇంటికి తెచ్చాక కష్టం మొదలైంది. కాఫీ తినలేదు. గినీపిగ్ తినడం మానేస్తే ప్రాణానికే ముప్పని డాక్టరు మరీ మరీ చెప్పింది. వరహాలక్ష్మి గడ్డి పొడిని నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో కొద్దికొద్దిగా నోటి పక్కనుంచి పట్టించింది. అది ఉమ్మేసింది. మళ్లీ పట్టించింది. కరిచిన నోరే అది, కట్టు విప్పిన వేలికి మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదు. "మింగు తల్లీ, మింగు. పాప చేత నేను మాటపడేలా చెయ్యకు," అంటూ ఒడిలో పెట్టుకుని కూర్చునేది. జాలికి అవతల బిస్కెట్ కూడా అటే చూస్తూ పడుకునేది.

ఒక మధ్యాహ్నం ఫ్రిజ్ తలుపు చప్పుడైంది. గూట్లోంచి నీరసంగా ఒక ఈల. ఆవిడ కొత్తిమీర రెబ్బ తెచ్చి ముక్కు దగ్గర పెట్టింది. కాఫీ కొరికింది. వరహాలక్ష్మి వెంటనే కొడుక్కి ఫోన్ చేసింది. "తిందిరా!" అంది. అతను అప్పుడు మార్కెట్లో రైతుల మధ్య ఉన్నాడు. "తిందంట! మా అమ్మే బతికించింది!" అని గట్టిగా అనేశాడు. ఎవరు తిన్నారో ఏమిటో తెలియకపోయినా వాళ్లూ సంతోషించారు.

కుట్లు మానాక కూడా డాక్టరు వెంటనే కలపనివ్వలేదు. ఒంట్లో హార్మోన్లు తగ్గడానికి వారాలు పడుతుందంది. అన్నాళ్లూ గూడు మధ్యలో జాలి అలాగే ఉంది. ఈలోగా ఆవిడ పొద్దున్నా సాయంత్రం వాటి గుడ్డలు మార్చి పరిచేది, ఇటు వాసన అటు, అటు వాసన ఇటు తెలిసేలా. రెండిటికీ గడ్డి జాలి పక్కనే వేసేది.

కలిపే రోజు వచ్చింది. రెండూ ఎప్పుడూ తిరగని చోటైతే ఏదీ నాదని కొట్టుకోదని డాక్టరు చెప్పింది కాబట్టి, మేడ మీద గది ఖాళీ చేయించింది. మధ్యలో గరిక పెద్ద కుప్పగా పోసింది. దాక్కోవడానికి అట్టపెట్టెలు పెట్టింది, ఒక్కోదానికి రెండు ద్వారాలు కోయించి మరీ. ఒక్క ద్వారమే ఉంటే లోపలున్నది ఇరుక్కుపోతుంది. మందపాటి తువ్వాలు చేతికి చుట్టుకుంది. చేట కోడలికిచ్చింది.

మొదటిసారి కుదరలేదు. కాఫీ బిస్కెట్ దగ్గరికి మామూలుగానే వెళ్లింది. కానీ బిస్కెట్ పాత దెబ్బలు మరిచిపోలేదు. అదే పళ్లు టకటకలాడించి, మీదికి ఉరికింది. వరహాలక్ష్మి తువ్వాలు అడ్డం వేసి, దేన్ని దాని అరలోకి పంపేసింది.

బిందుమాధవి ముఖం వాడిపోయింది. "ఇక కలవవేమో అత్తయ్యా."

"కలవకపోతే జాలికి చెరోపక్కా ఉంటాయి. దానికీ తయారుగానే ఉన్నాను. కానీ ఇంకోసారి చూడకుండా వదలను."

తర్వాతి వారం మళ్లీ పెట్టింది. ఈసారి గడ్డి కుప్ప ఒకటి కాదు, నాలుగు మూలలా నాలుగు పోసింది. బిస్కెట్ ముందు పెట్టెలో దూరింది. కాఫీ గడ్డి తింటూ ఉండిపోయింది. చాలాసేపటికి బిస్కెట్ ఒక ద్వారంలోంచి ముక్కు బయట పెట్టింది. కాఫీ వచ్చి వాసన చూసింది. బిస్కెట్ పళ్లు ఆడించింది. బిందుమాధవి చేట ఎత్తబోతే వరహాలక్ష్మి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆగు. గట్టిగా మాట్టాడుకుంటన్నాయి, కొట్టుకోవట్లేదు."

కాఫీ తల కిందికి వాల్చి వెనక్కి తగ్గింది. గడ్డి దగ్గరికి తిరిగి వెళ్లింది. కాసేపటికి బిస్కెట్ పెట్టెలోంచి మొత్తం బయటికొచ్చి అదే కుప్పకు రెండో పక్క నిలబడి తినసాగింది. వరహాలక్ష్మి తువ్వాలు విప్పి గోడకు ఆనుకుంది. కళ్లు తుడుచుకుంటుంటే కోడలు చూస్తోందని తెలిసి, "గరిక దుమ్ము," అంది.

పరీక్షలయ్యాక ధనశ్రీ ఇంటికొచ్చింది. అప్పటికి గూడు కూడా మేడ మీది గదికే మారింది. చెప్పులు విప్పకుండానే మేడ మీదికి పరుగెత్తి, కాఫీని ఎత్తుకోబోయింది.

"ఆగు!" అంది నాయనమ్మ. "బస్సు దిగి వచ్చేవు. చేతులు కడుక్కో. కింద కూర్చో. అవే నీ దగ్గరికి వత్తాయి."

ధనశ్రీ నోరు తెరిచి చూసింది. చేతులు కడుక్కుని వచ్చి బుద్ధిగా కూర్చుంది. ముందు బిస్కెట్, తర్వాత కాఫీ వచ్చి ధనశ్రీ వేళ్లు వాసన చూశాయి. బిస్కెట్ చెవి చివర చిన్న నొక్కు ఉంది. అవి మునుపట్లా ఒకదాని మీద ఒకటి పడుకోవడం లేదు. పక్కపక్కనే, కాస్త ఎడంగా పడుకుంటున్నాయి. అది కూడా తను అడగక ముందే నాయనమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం దేవీప్రసాద్ ఇద్దరు వ్యాపారులను ఇంటికి తీసుకొచ్చాడు. బెల్లం ధరల సంగతి మాట్లాడి, టీలు తాగాక, "రండి, మా అమ్మ చేసిన పని చూపిత్తాను," అని మేడ మీదికి తీసుకెళ్లాడు. గూడు చూపించి కథంతా తనే చెప్పసాగాడు, కన్నబాబును తిప్పి పంపిన సంగతి కూడా దాచకుండా. వరహాలక్ష్మి మధ్యలో రెండుచోట్ల సరిదిద్దింది.

వాళ్లలో పెద్దాయన ధనశ్రీని చూసి, "ఇవి నీవేనా అమ్మా?" అని అడిగాడు.

ధనశ్రీ నాయనమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది.

"కొనిపించుకున్నది నేనండి. ఇప్పుడు మా మామ్మవి."

వరహాలక్ష్మి కాదనలేదు.